లినక్స్ కెర్నల్ కాన్ఫిగరేషన్: మీ ల్యాప్‌టాప్ నిజంగా నిద్రపోతోందా?

ఇవాళ్టి ఎపిసోడ్ సొంతంగా లినక్స్ కెర్నల్ కంపైల్ చేసుకునేవాళ్ళ కోసం. ఇంకా చెప్పాలంటే, కంపైల్ చేసుకున్నాక బ్యాటరీ ఎందుకు ఇంత త్వరగా దిగిపోతోందో తెలీక తల పట్టుకున్నవాళ్ళ కోసం.

నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, నాకు అక్కర్లేని డ్రైవర్లన్నీ తీసేశాను. కెర్నల్ చిన్నదైంది, బూట్ కూడా ఫాస్ట్ అయింది. కానీ మూత మూసి బ్యాగులో పెడితే ల్యాప్‌టాప్ కాలిపోతోంది. డ్రైవర్లు తగ్గితే కరెంటు తగ్గాలి కదా?"

ఇవాళ మాట్లాడుకునేదంతా ఈ ప్రశ్నకి సమాధానమే. ముందు సూటిగా చెప్పేస్తాను: డ్రైవర్ తీసేస్తే ఆ పరికరం ఆఫ్ అయిపోదు. దాన్ని ఆఫ్ చేయగలిగినవాడు లేకుండా పోతాడు. ఆ చిప్‌కి బోర్డు నుంచి కరెంటు వస్తూనే ఉండొచ్చు, కానీ "ఇక పడుకో" అని దానికి చెప్పేవాళ్ళు ఉండరు. అందుకే కెర్నల్‌లో హార్డ్‌వేర్ సపోర్ట్ వేరు, పవర్ మేనేజ్‌మెంట్ వేరు అనుకోకండి. మెనూలో రెండూ వేరు వేరు చోట్ల కనిపిస్తాయి గానీ పని దగ్గరికి వచ్చేసరికి రెండూ ఒకటే.

సరే, మొదటి నుంచి మొదలుపెడదాం.

వై, ఎమ్, ఎన్

కెర్నల్ సోర్స్ ఫోల్డర్‌లోకి వెళ్ళి మేక్ మెనూకాన్ఫిగ్ అని కొడితే నీలం రంగు స్క్రీన్ ఒకటి వస్తుంది. అందులో మీరు ఎంచుకున్నవన్నీ డాట్ కాన్ఫిగ్ అనే ఒక టెక్స్ట్ ఫైల్‌లో సేవ్ అవుతాయి. ఆప్షన్లు పదివేలకు పైనే ఉంటాయి, భయపడకండి, అన్నీ చదవక్కర్లేదు. చాలా ఆప్షన్లకి మూడే జవాబులు. వై అంటే ఆ కోడ్ కెర్నల్ లోపలే కలిసిపోతుంది. ఎమ్ అంటే మాడ్యూల్, విడిగా ఒక ఫైల్‌గా ఉండి అవసరమైనప్పుడు లోడ్ అవుతుంది. ఎన్ అంటే అసలు వద్దు.

ఇక్కడ చాలామంది ఖాళీ కాన్ఫిగ్‌తో మొదలుపెడతారు. వద్దండి. మీ డిస్ట్రో ఇచ్చిన కెర్నల్ ఇప్పుడు మీ మెషిన్ మీద పనిచేస్తోంది కదా, దాని కాన్ఫిగ్ ఫైల్ సాధారణంగా బూట్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. దాన్ని సోర్స్ ఫోల్డర్‌లోకి డాట్ కాన్ఫిగ్ పేరుతో కాపీ చేసుకుని, మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ కొట్టండి. కొత్త వెర్షన్‌లో వచ్చిన ఆప్షన్లకి డిఫాల్ట్ జవాబులు అదే పెట్టుకుంటుంది. పనిచేసే దానితో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రావడం తేలిక. ఏమీ లేని దగ్గర నుంచి పెంచుకుంటూ పోతే ఏది మర్చిపోయామో కనిపెట్టడానికే వారం పడుతుంది.

వై పెట్టాలా ఎమ్ పెట్టాలా అనే డౌట్ అందరికీ వస్తుంది. దీనికి ఒక ఉదాహరణ చాలు. మీ డిస్క్ కంట్రోలర్ డ్రైవర్, రూట్ ఫైల్ సిస్టమ్ డ్రైవర్ రెండూ ఎమ్‌గా పెట్టారు, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ తయారుచేయలేదు అనుకోండి. డిస్క్ చదవాలంటే డ్రైవర్ కావాలి, ఆ డ్రైవర్ ఫైల్ ఉన్నది అదే డిస్క్ మీద. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తలుపు వేసినట్టు. రూట్ ఫైల్ సిస్టమ్‌ని మౌంట్ చేయలేకపోతున్నానని చెప్పి కెర్నల్ పానిక్ అవుతుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఉంటే ఈ సమస్య లేదు, ఎందుకంటే బూట్‌కి కావలసిన మాడ్యూల్స్ దాంట్లోనే ప్యాక్ అయి వస్తాయి.

ఇంకో విషయం. కొన్ని ఆప్షన్లు మెనూలో ఎంత వెతికినా కనిపించవు. అవి ఆధారపడే ఆప్షన్ ఇంకెక్కడో ఆఫ్‌లో ఉందన్నమాట. మెనూకాన్ఫిగ్‌లో స్లాష్ కీ నొక్కి పేరు టైప్ చేస్తే ఆ ఆప్షన్ ఎక్కడుంది, దేనిమీద ఆధారపడింది, ఇప్పుడు దాని విలువ ఎంత, అన్నీ చూపిస్తుంది. ఈ ఒక్క కీ గుర్తుపెట్టుకుంటే సగం టైమ్ మిగులుతుంది.

మీ మెషిన్‌లో ఏముందో ముందు తెలుసుకోండి

ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌కి హైఫన్ ఎన్ఎన్‌కే అని ఇచ్చి చూడండి. ప్రతి పీసీఐ పరికరం పక్కన రెండు నంబర్లు కనిపిస్తాయి: తయారీదారు నంబర్, పరికరం నంబర్. తయారీదారు నంబర్ 8086 అంటే ఇంటెల్, 1002 అంటే ఏఎండీ. కింద లైన్‌లో ఇప్పుడు ఏ డ్రైవర్ దాన్ని నడుపుతోందో ఉంటుంది. కెర్నల్ కూడా ఇలాగే చూస్తుంది. తను ఏయే నంబర్లను నడపగలదో ప్రతి డ్రైవర్ దగ్గర ఒక జాబితా ఉంటుంది. నంబర్ కలిస్తే డ్రైవర్ అతుక్కుంటుంది, లేకపోతే లేదు. బాక్స్ మీద రాసిన మోడల్ పేరుకి కెర్నల్ దగ్గర పెద్దగా విలువ లేదు.

డ్రైవర్ లేకుండా మిగిలిపోయిన పరికరాలు ఏమున్నాయో ఆ లిస్ట్‌లో వెతకండి. మొదట అడిగిన ప్రశ్నకి క్లూ అక్కడే దొరకొచ్చు. గేమింగ్ ల్యాప్‌టాప్ వాడేవాళ్ళు మరీ జాగ్రత్తగా చూడాలి. "నేను గేమ్స్ ఆడను, రెండో గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ నాకెందుకు" అని తీసేస్తే, ఆ కార్డు పవర్ కట్ చేసే కోడ్ కూడా దాంతోనే పోతుంది.

ఒక పరికరానికి ఒకటే ఆప్షన్ ఉంటుందనుకోవడం ఇంకో పొరపాటు. టచ్‌ప్యాడ్ తీసుకోండి. ఈ మధ్య వచ్చే చాలా ల్యాప్‌టాప్‌లలో అది ఐ-స్క్వేర్డ్-సీ అనే బస్ మీద ఉంటుంది. దానికి ముందు ఐ-స్క్వేర్డ్-సీ కంట్రోలర్ డ్రైవర్ కావాలి. ఇంటెల్ మెషిన్ అయితే ఎల్‌పీఎస్ఎస్ అనే ఆప్షన్ ఉంటేగానీ ఆ కంట్రోలర్ కనపడదు. వేలు పెట్టినప్పుడు వచ్చే ఇంటరప్ట్ చాలా మోడళ్ళలో జీపీఐఓ పిన్ ద్వారా వస్తుంది కాబట్టి మీ చిప్‌సెట్‌కి తగిన పిన్ కంట్రోల్ డ్రైవర్ కావాలి. ఆ పైన హిడ్ డ్రైవర్, ఆ పైన మల్టీటచ్. ఈ గొలుసులో ఒక్కటి ఎన్ అయినా టచ్‌ప్యాడ్ చచ్చినట్టు పడుంటుంది. పిన్ కంట్రోల్ అనే పేరు చూసి "ఇది టచ్‌ప్యాడ్ కోసం" అని ఎవరైనా ఊహిస్తారా చెప్పండి? అందుకే పేరు తెలీని ఆప్షన్‌ని అనవసరం అనుకుని తీసేయకండి.

తర్వాత ఫర్మ్‌వేర్. వైఫై, బ్లూటూత్, గ్రాఫిక్స్ లాంటి చాలా చిప్స్‌కి డ్రైవర్ ఒక్కటే సరిపోదు. ఆ చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్‌ని డ్రైవర్ బూట్ టైమ్‌లో దానికి పంపాలి. ఆ ఫైల్స్ లిబ్ ఫోల్డర్‌లో ఫర్మ్‌వేర్ అనే సబ్‌ఫోల్డర్‌లో ఉంటాయి. ఇక్కడే వై, ఎమ్ తేడా మళ్ళీ వస్తుంది. ఆ డ్రైవర్‌ని వై చేస్తే, రూట్ డిస్క్ మౌంట్ కాకముందే అది ఫర్మ్‌వేర్ అడగొచ్చు, ఫైల్ దొరక్క ఫెయిల్ అవ్వొచ్చు. డీమెసేజ్‌లో ఫర్మ్‌వేర్ లోడ్ ఫెయిల్, ఎర్రర్ మైనస్ 2 అని కనిపిస్తే ఫైల్ దొరకలేదని అర్థం. ఇలాంటి డ్రైవర్లు ఎమ్‌గా ఉంచడమే సుఖం.

అన్నీ చేత్తో తగ్గించే ఓపిక లేకపోతే మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ ఉంది. ఇప్పుడు మీ మెషిన్‌లో లోడ్ అయి ఉన్న మాడ్యూల్స్ చూసి, మిగతా మాడ్యూల్స్ అన్నీ తీసేస్తుంది. కంపైల్ టైమ్ బాగా తగ్గుతుంది. కానీ "ఇప్పుడు" అన్న మాట గమనించండి. మీ పెన్‌డ్రైవ్, బ్లూటూత్ హెడ్‌సెట్, హెచ్‌డీఎంఐ కేబుల్, ఫోన్ టెథరింగ్, ప్రింటర్, వీటన్నిటినీ ఒకసారి కనెక్ట్ చేసి వాడిన తర్వాతే ఆ కమాండ్ కొట్టండి. లేకపోతే రేపు ప్రెజెంటేషన్ టైమ్‌కి టెథరింగ్ రాదు.

మేలుకుని ఉన్నప్పుడు పొదుపు

పవర్ మేనేజ్‌మెంట్ అనగానే అందరికీ స్లీప్ గుర్తొస్తుంది. కానీ మీరు పనిచేస్తున్నప్పుడు కూడా పొదుపు జరుగుతూనే ఉంటుంది. ఇందులో నాలుగు విషయాలు.

ఒకటి, సీపీయూ ఫ్రీక్వెన్సీ. పని ఎక్కువుంటే వేగం పెంచడం, లేకపోతే తగ్గించడం. ఎంత పెంచాలో నిర్ణయించేది గవర్నర్. ఒక తికమక ఉంది చూడండి. ఇంటెల్ పీ-స్టేట్ డ్రైవర్ యాక్టివ్ మోడ్‌లో ఉన్నప్పుడు మీకు పర్ఫార్మెన్స్, పవర్‌సేవ్ అని రెండే కనిపిస్తాయి. పవర్‌సేవ్ అంటే మెషిన్ నత్తనడక నడుస్తుందని కంగారుపడకండి. ఈ డ్రైవర్‌లో పవర్‌సేవ్ లోడ్‌ని బట్టి వేగం పెంచుతుంది, తగ్గిస్తుంది. అదే పాత ఏసీపీఐ సీపీయూఫ్రీక్ డ్రైవర్‌లో అయితే పవర్‌సేవ్ నిజంగానే కనిష్ఠ వేగానికి కట్టేస్తుంది. పేరు ఒకటే, పని వేరు.

రెండు, సీపీయూ ఐడిల్. చేసే పని లేనప్పుడు ప్రాసెసర్ సీ-స్టేట్స్ అనే నిద్రమెట్లు దిగుతుంది. ఎంత లోతుకు దిగితే అంత ఆదా, కానీ పైకి రావడానికి అంత ఎక్కువ టైమ్. ఎంత లోతుకు వెళ్ళాలో అంచనా వేసేది ఐడిల్ గవర్నర్. చాలా సందర్భాల్లో అసలైన ఆదా ఇక్కడే. పనిని నెమ్మదిగా సాగదీయడం కన్నా త్వరగా ముగించి పడుకోవడమే ప్రాసెసర్‌కి లాభం.

మూడు, టిక్. కెర్నల్ గడియారం 250 హెర్ట్జ్‌లో ఉందనుకోండి, సెకనుకి 250 సార్లు టైమర్ ఇంటరప్ట్ వస్తుంది. పనేమీ లేకపోయినా సెకనుకి 250 సార్లు భుజం తట్టి లేపితే ఎవరు పడుకోగలరు? టిక్‌లెస్ ఐడిల్ ఆప్షన్ ఆన్‌లో ఉంటే ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడు ఆ టిక్ ఆగుతుంది. దీన్ని మాత్రం ఎప్పుడూ తీయకండి.

నాలుగు, రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్. సిస్టమ్ మొత్తం మేలుకునే ఉంటుంది, కానీ వాడని పరికరం ఒక్కటే కునుకు తీస్తుంది. కెమెరా, కార్డ్ రీడర్, సౌండ్ చిప్ లాంటివి. సిస్ ఫోల్డర్‌లో ఆ పరికరం కింద పవర్ అనే ఫోల్డర్, అందులో కంట్రోల్ అనే ఫైల్ ఉంటుంది. ఆటో అని ఉంటే పడుకోనిస్తుంది, ఆన్ అని ఉంటే పడుకోనివ్వదు. ఎవరు ఎంతసేపు మేలుకుంటున్నారో చూడాలంటే పవర్‌టాప్ టూల్ వాడండి. ఇంటెల్ 2007లో విడుదల చేసింది, ఇప్పటికీ చాలా ఉపయోగం.

మూత మూస్తే ఏం జరుగుతుంది

ఇప్పుడు అసలు విషయం. ల్యాప్‌టాప్‌లలో కెర్నల్‌కీ ఫర్మ్‌వేర్‌కీ మధ్య ఒప్పందం పేరు ఏసీపీఐ. 1996 డిసెంబర్‌లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి మొదటి వెర్షన్ విడుదల చేశాయి. ఇప్పుడు యూఈఎఫ్ఐ ఫోరమ్ చూసుకుంటోంది. బోర్డు మీద ఏముంది, దేన్ని ఎలా ఆఫ్ చేయాలి అనే వివరాలు టేబుల్స్ రూపంలో ఫర్మ్‌వేర్ ఇస్తుంది, కెర్నల్ వాటిని చదివి నడిపిస్తుంది.

మెనూలో పవర్ మేనేజ్‌మెంట్ అండ్ ఏసీపీఐ ఆప్షన్స్ అనే చోట ఏసీ అడాప్టర్, బ్యాటరీ, బటన్, ఫ్యాన్, థర్మల్ జోన్ అని చిన్న చిన్న ఆప్షన్లు ఉంటాయి. చిన్నవే కదా అని వదిలేయకండి. బటన్ అంటే పవర్ బటన్ మాత్రమే కాదు, మూత స్విచ్ కూడా. అది లేకపోతే మూత మూసిన సంగతి పైనున్న సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. బ్యాటరీ లేకపోతే చార్జ్ ఎంతుందో తెలియదు. థర్మల్ జోన్ తీసేస్తే, ఫర్మ్‌వేర్ చెప్పిన వేడి హద్దుల్ని కెర్నల్ పట్టించుకోవడం మానేస్తుంది.

సస్పెండ్ అనగానే జరిగే వరుస ఇది. ముందు మన ప్రోగ్రామ్స్ అన్నిటినీ ఫ్రీజ్ చేస్తుంది, దానికి డిఫాల్ట్ గడువు 20 సెకన్లు. తర్వాత ఒక్కో డ్రైవర్‌ని పిలిచి "నీ పరికరాన్ని పడుకోబెట్టు" అంటుంది. సెలవులకి ఊరెళ్తూ ఇల్లు మూసినట్టు, ముందు లోపలి గదులు, చివర్లో వీధి తలుపు. పెన్‌డ్రైవ్ ముందు, అది తగిలించి ఉన్న యూఎస్‌బీ కంట్రోలర్ తర్వాత. లేచేటప్పుడు దీనికి తిరగేసి. మధ్యలో ఒక్క డ్రైవర్ "నావల్ల కాదు" అని ఎర్రర్ ఇచ్చినా మొత్తం సస్పెండ్ రద్దు. అప్పటికే పడుకున్నవాళ్ళందర్నీ మళ్ళీ లేపుతుంది. మీరు మూత మూసి బ్యాగులో పెట్టేశారు, లోపల అది పూర్తిగా మేలుకునే ఉంది.

అందరూ సరే అంటే వెళ్ళే నిద్రల్లో రకాలున్నాయి. పాత పద్ధతి ఎస్3. ర్యామ్‌కి తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు కట్, ఈ పని చివర్లో ఫర్మ్‌వేర్ చేతిలో ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఎస్3 లేనేలేదు, ఎస్2ఐడిల్ ఒక్కటే. అందులో ఫర్మ్‌వేర్ అందరికీ ఒకేసారి కరెంటు కట్ చేయదు. ప్రతి పరికరాన్నీ దాని డ్రైవరే తక్కువ పవర్‌లోకి దించాలి. అందరూ దిగితేనే ప్రాసెసర్ ప్యాకేజీ మొత్తం గాఢనిద్రలోకి వెళ్తుంది. ఒక్క పరికరం దిగకపోయినా ఏనుగు వెళ్ళి తోక చిక్కినట్టే. స్క్రీన్ నల్లగానే ఉంటుంది, నిద్రపోయినట్టే కనిపిస్తుంది, లోపల బ్యాటరీ కరుగుతూ ఉంటుంది. డ్రైవర్లు తీసేస్తే కరెంటు ఎక్కువ కాలడం ఏంటన్న ప్రశ్నకి జవాబు ఇదే.

మీ మెషిన్‌లో ఏముందో చూడాలంటే సిస్ కింద పవర్ ఫోల్డర్‌లో మెమ్ స్లీప్ అనే ఫైల్ చదవండి. డీప్ అని కనిపిస్తే ఎస్3 ఉన్నట్టు. ఎస్2ఐడిల్ ఒక్కటే ఉంటే ఇక డ్రైవర్ల మీదే భారం.

హైబర్నేట్ దారి వేరు. ర్యామ్‌లో ఉన్నది డిస్క్ మీద స్వాప్‌లోకి రాసి, మెషిన్ ఆఫ్ అవుతుంది. దీనికి స్వాప్ సపోర్ట్, తగినంత స్వాప్ స్థలం కావాలి, బూట్ అయ్యేటప్పుడు ఆ స్వాప్ ఎక్కడుందో కెర్నల్‌కి తెలియాలి. సెక్యూర్ బూట్‌తో కెర్నల్ లాక్‌డౌన్ మోడ్‌లో ఉంటే హైబర్నేట్ పనిచేయదు. డ్యూయల్ బూట్ వాళ్ళకి ఒక హెచ్చరిక: లినక్స్‌ని హైబర్నేట్‌లో పెట్టి, వేరే ఓఎస్‌లోకి వెళ్ళి, లినక్స్ మౌంట్ చేసి ఉన్న పార్టిషన్ మీద ఏమీ రాయకండి. లేచాక కెర్నల్ తన జ్ఞాపకంలో ఉన్న పాత లెక్క ప్రకారమే డిస్క్ మీద రాస్తుంది, ఫైల్ సిస్టమ్ పాడవుతుంది. పోయేది బ్యాటరీ కాదు, మీ డేటా.

నిద్రపోయిందో లేదో ఎలా తేల్చుకోవాలి

ఊహించొద్దు, కొలవండి. ఆర్‌టీసీవేక్ కమాండ్‌తో 30 సెకన్లు సస్పెండ్ చేసి అదే లేచేలా పెట్టండి. లేచాక డీమెసేజ్ చదవండి, అడ్డుపడిన డ్రైవర్ పేరు చాలాసార్లు అక్కడే ఉంటుంది.

అసలు లేవకపోతే? దానికోసమే పవర్ మేనేజ్‌మెంట్ డీబగ్ సపోర్ట్ ఆప్షన్ ముందే ఆన్ చేసుకోండి. అప్పుడు సిస్ పవర్‌లో పీఎం టెస్ట్ అనే ఫైల్ వస్తుంది. అందులో ఫ్రీజర్, డివైసెస్, ప్లాట్‌ఫామ్, ప్రాసెసర్స్, కోర్ అని మెట్లున్నాయి. ఉదాహరణకి డివైసెస్ అని రాసి సస్పెండ్ చేస్తే పరికరాలు పడుకోవడం వరకే వెళ్ళి, 5 సెకన్లు ఆగి, వెనక్కి వస్తుంది. ఒక్కో మెట్టూ దిగుతూ పోండి. ఎక్కడ వేలాడిపోతే సమస్య అక్కడే.

ఎస్2ఐడిల్ మెషిన్లలో ఇంకో పరీక్ష. ఇంటెల్ పీఎంసీ కోర్, ఏఎండీ పీఎంసీ అనే డ్రైవర్లున్నాయి, వాటిని ఎమ్ చేసుకోండి. ఇంటెల్‌లో హార్డ్‌వేర్ గాఢనిద్రలో ఎంతసేపుందో చెప్పే కౌంటర్ డీబగ్ ఫైల్ సిస్టమ్‌లో కనిపిస్తుంది. సస్పెండ్‌కి ముందు, తర్వాత ఆ అంకె మారకపోతే స్క్రీన్ మాత్రమే పడుకుంది, మెషిన్ పడుకోలేదు.

ఒక లెక్క చూడండి. 50 వాట్-అవర్ బ్యాటరీ అనుకుందాం. నిద్రలో అర వాట్ లాగితే 100 గంటలు ఉంటుంది. పడుకున్నట్టు నటిస్తూ 5 వాట్లు లాగితే 10 గంటలు. రాత్రి పదింటికి మూత మూస్తే పొద్దున ఎనిమిదికి సున్నా. మీ బ్యాటరీ విలువ సస్పెండ్‌కి ముందూ తర్వాతా రాసుకుని, గంటలతో భాగిస్తే మీ మెషిన్ సంగతి మీకే తెలుస్తుంది.

నిద్రపోయి, మళ్ళీ తనంతట తనే లేస్తోందా? ప్రాక్ కింద ఏసీపీఐ ఫోల్డర్‌లో వేకప్ అనే ఫైల్ చూడండి, ఎవరెవరికి లేపే హక్కుందో అందులో ఉంటుంది. బ్యాగులో ఊగే వైర్‌లెస్ మౌస్ తాలూకు రిసీవర్ కూడా లేపొచ్చు.

చివరిగా, చేసే వరుస

డిస్ట్రో కాన్ఫిగ్‌తో మొదలుపెట్టండి. పాత కెర్నల్‌ని గ్రబ్ మెనూలో అలాగే ఉంచండి, కొత్తదానికి లోకల్ వెర్షన్ పేరు వేరేగా పెట్టండి, ఏది బూట్ అయిందో తెలుస్తుంది. ముందు డిస్ట్రో కెర్నల్‌లోనే నిద్రలో గంటకి ఎంత ఖర్చవుతోందో కొలిచి రాసుకోండి. తర్వాత కొంచెం కొంచెంగా ఆప్షన్లు తీయండి, ప్రతిసారీ సస్పెండ్ టెస్ట్ చేయండి. ఒకేసారి రెండొందలు తీస్తే ఏది దెబ్బకొట్టిందో ఎవరూ చెప్పలేరు. మీ మెషిన్‌లో లేని హార్డ్‌వేర్ డ్రైవర్లు నిశ్చింతగా తీసేయండి, వాటితో ఏ గొడవా లేదు. మీ మెషిన్‌లో ఉండి, మీరు వాడని హార్డ్‌వేర్ డ్రైవర్ మాత్రం ఉంచండి. మీకు ఆ పరికరంతో పని లేకపోవచ్చు, కానీ దాన్ని పడుకోబెట్టడానికి ఆ డ్రైవర్‌తో పనుంది.

ఇవాళ్టికి ఇంతే. మీ ల్యాప్‌టాప్‌లో మెమ్ స్లీప్ ఫైల్ ఏం చూపిస్తోందో ఈ రాత్రే ఒకసారి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో రాస్ప్‌బెర్రీ పై లాంటి బోర్డులలో ఏసీపీఐ బదులు వాడే డివైస్ ట్రీ గురించి మాట్లాడుకుందాం.